బాలనాగమ్మ కథ: నోటిమాట నుంచి వెండితెర దాకా

బాలనాగమ్మ కథ మీలో చాలామందికి ఏదో ఒక రూపంలో తెలిసే ఉంటుంది. అమ్మమ్మ చెబితే విన్నవాళ్ళు ఉంటారు. బుర్రకథగా విన్నవాళ్ళు, సురభి వారి నాటకం చూసినవాళ్ళు, టీవీలో పాత సినిమా చూసినవాళ్ళు కూడా ఉంటారు. ఇన్ని దారుల్లో మన దగ్గరికి చేరిన కథను విమర్శ దృష్టితో చూడటం అంత తేలిక కాదు. తెలిసిన కథే కదా అని పైపైన చూసి వదిలేస్తాం. ఈ పాఠంలో ఒక్క ప్రశ్న మీద నిలబడదాం. ఈ కథ ఇన్ని తరాలుగా ప్రదర్శనలో ఎందుకు నిలిచింది?

నేను జవాబు పత్రాలు దిద్దిన రోజుల్లో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలే మళ్ళీ మళ్ళీ కనిపించేవి. ఒకటి, కథలో మాయలు, మంత్రాలు ఉన్నాయి కాబట్టి. రెండోది, కథ పాతివ్రత్య మహిమను చాటుతుంది కాబట్టి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే మాయలున్న కథలు మనకు ఎన్నో ఉన్నాయి. పతివ్రతల కథలూ ఎన్నో ఉన్నాయి. అవన్నీ ఇలా నిలవలేదు. కాబట్టి ఈ కథకే ప్రత్యేకమైనదేదో మనం వెతకాలి.

కథ, దాని చుట్టాలు

ముందుగా కథ నడకను గుర్తు చేసుకుందాం. ఏడుగురు అక్కచెల్లెళ్ళలో చిన్నది బాలనాగమ్మ. ఆమె భర్త కార్యవర్ధిరాజు, కొడుకు బాలవర్ధిరాజు. కొడుకు పసివాడుగా ఉండగానే ఒక మాంత్రికుడు ఆమెను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్తను రాయిగా మారుస్తాడు. తనను పెళ్ళాడమని వేధించే మాంత్రికుడిని ఆమె వ్రతం పేరుతో ఏళ్ళ తరబడి దూరం ఉంచుతుంది. కొడుకు పెరిగి పెద్దవాడై తల్లిని వెతుక్కుంటూ వస్తాడు. మాంత్రికుడి ప్రాణం ఎక్కడో దూరాన ఒక చిలుకలో ఉందని ఆమె రాబడుతుంది. కొడుకు ఆ చిలుకను తెచ్చి చంపుతాడు.

ఈ కథకు తెలుగు నేల బయట ఒక దగ్గరి చుట్టం ఉంది. 1868లో మేరీ ఫ్రియర్ లండన్‌లో ప్రచురించిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అనే సంపుటిలో మొదటి కథ పేరు ‘పంచ్‌కిన్’. ఆ కథలను ఆమెకు చెప్పింది ఆమె దగ్గర ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా. అన్నా వాటిని తన నాయనమ్మ దగ్గర విన్నది. ‘పంచ్‌కిన్’లోనూ ఏడుగురు రాకుమార్తెలు ఉన్నారు. చిన్నదాని పేరు బాల్నా. పంచ్‌కిన్ అనే మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోయి పన్నెండేళ్ళు బందీగా ఉంచుతాడు. కొడుకు తోటమాలి ఇంట్లో ఉంటూ, ఆడపిల్ల వేషంలో పూలతోపాటు ఉంగరాన్ని పంపి తల్లికి తన ఆనవాలు చెబుతాడు. పేరులోనూ నడకలోనూ ఉన్న ఈ పోలికను మీరు గమనించండి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం. అన్నా చెప్పిన కథలో చిలుక రహస్యం కొడుకు కనిపెట్టింది కాదు, ఏ దేవతో కలలో చెప్పిందీ కాదు. పెళ్ళికి ఒప్పుకునే ఆలోచనలో ఉన్నట్టు నటించి, నీకు చావుందా అని అడిగి, బాల్నాయే దాన్ని మాంత్రికుడి నోట చెప్పించింది. మన బాలనాగమ్మ చేసిందీ అదే. అంటే ఈ కథలో ఇద్దరి పని ఉంది. చిలుకను తెచ్చేది కొడుకు. ఆ చిలుక ఎక్కడుందో తెలుసుకునేది తల్లి. అంతకు ముందు ఏళ్ళ తరబడి గడువు సంపాదించిందీ తల్లే. పాతివ్రత్యం అనే ఒక్క మాటలో పెట్టేస్తే ఆమె ఓర్పు కనిపిస్తుంది గానీ తెలివి కనిపించదు. వ్రతం ఆమెకు భక్తి మాత్రమే కాదు. అది ఆమె చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధం.

వేదిక మీదికి వచ్చాక

ఎదురుచూపును వేదిక మీద చూపించడం ఎలా? ఒక్కో ప్రదర్శన కళ దీనికి ఒక్కో జవాబు చెప్పింది.

బుర్రకథలో తంబురా పట్టిన కథకుడు, ఇరువైపులా డక్కీలతో ఇద్దరు వంతలు ఉంటారు. కథకుడు పన్నెండేళ్ళను ఒక్క మాటలో దాటించగలడు, ఒక్క కన్నీటిచుక్క దగ్గర అరగంట ఆగనూ గలడు. కథ కాస్త ఆగినప్పుడు హాస్యవంత నవ్విస్తాడు, రాజకీయవంత వర్తమానాన్ని ప్రస్తావిస్తాడు. కాలం కథకుడి చేతిలో ఉంటుంది కాబట్టి బాలనాగమ్మ నిరీక్షణ ఇక్కడ బాగా ఇముడుతుంది.

సురభి నాటకం దారి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం మొదలుపెట్టిన ఈ సమాజాలకు రంగుల తెరలు, తీగల సాయంతో చేసే గమ్మత్తులు, క్షణంలో మారిపోయే దృశ్యాలు పెట్టింది పేరు. మనిషి కుక్క కావడం, మంటలు లేవడం, మాంత్రికుడు మాయం కావడం ప్రేక్షకుడి కళ్ళ ముందే జరగాలి. చిలుక ఘట్టమైతే నాటకం కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ‘పంచ్‌కిన్’లో చిలుక రెక్క విరిస్తే మాంత్రికుడి చెయ్యి ఊడిపోతుంది. చిలుక, మాంత్రికుడు ఎదురెదురుగానే ఉన్నారు కాబట్టి ఇద్దరినీ ఒకే వేదిక మీద చూపవచ్చు. అయితే గమ్మత్తులన్నీ మాంత్రికుడివే. తీగలు, మంటలు, తెరలు అన్నీ అతని కోసం పనిచేస్తాయి. బందీగా కూర్చున్న స్త్రీకి మిగిలేది పాట, పద్యం.

1942లో జెమినీ సంస్థ పక్షాన ఎస్.ఎస్. వాసన్ నిర్మించిన, సి. పుల్లయ్య దర్శకత్వం వహించిన ‘బాలనాగమ్మ’లో కాంచనమాల నాయిక. మాయల మరాఠీగా నటించినవారు గోవిందరాజుల సుబ్బారావు. 1954లో ఇదే కథతో జెమినీ హిందీలో ‘బహుత్ దిన్ హువే’ తీసింది. 1959 నాటి తెలుగు ‘బాలనాగమ్మ’లో అంజలీదేవి, ఎన్.టి. రామారావు జంట కాగా ఎస్.వి. రంగారావు మాంత్రికుడు. ఈ సినిమాల గురించి పెద్దవాళ్ళను అడిగి చూడండి. చాలామంది ముందుగా చెప్పే పేరు మాంత్రికుడి పాత్రధారిదే. ఆ నటుల గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. కథ పేరు ఒకరిదైతే, ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచింది మరొకరు అని మాత్రం చెబుతున్నాను.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. రష్యన్ జానపద కథల్లో కొష్చేయ్ అనే మాంత్రికుడి ప్రాణం గుడ్డులో ఉంటుంది. ఆ రహస్యాన్ని చాలా కథల్లో బందీ అయిన స్త్రీయే తీపి మాటలతో రాబడుతుంది. 1910లో పారిస్‌లో ప్రదర్శించిన స్ట్రావిన్‌స్కీ ‘ఫైర్‌బర్డ్’ బాలేలో మాత్రం ఆ రహస్యాన్ని యువరాజుకు చెప్పేది మాయా పక్షి. బందీలైన రాకుమార్తెలకు నాట్యం మిగిలింది, రహస్యం మిగల్లేదు. నోటి కథ ప్రదర్శనగా మారేటప్పుడు బందీ చేసిన పని తేలిగ్గా చేజారిపోతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

పరాయివాడి పేరు

ఇంకొక అంశాన్ని కూడా దాటవేయకూడదు. తెలుగులో ఈ మాంత్రికుడికి ‘మాయల ఫకీరు’, ‘మాయల మరాఠీ’ అని రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఒకటి మతాన్ని, రెండోది ప్రాంతాన్ని గుర్తుచేస్తుంది. రెండూ పరాయివాడినే చూపుతాయి. అన్నా చెప్పిన కథలో అతని పేరు పంచ్‌కిన్. అంటే దుర్మార్గుడు ఫలానా మతంవాడో, ఫలానా ప్రాంతంవాడో కావలసిన అవసరం ఈ కథకు లేదు. ఆ పేరును చెప్పేవారు తెచ్చి తగిలించారు. పేరు మారినా కథ చెక్కుచెదరలేదంటే దాని బలం ఆ పేరులో లేదన్న మాటే. కథను ప్రేమిస్తూనే ఈ సంగతి చెప్పగలగాలి. విమర్శ అంటే నిందించడం కాదు, కళ్ళు మూసుకుని మెచ్చుకోవడమూ కాదు.

ఏది నిలిచింది?

మొదటి ప్రశ్నకు వద్దాం. మాయలు జనాన్ని ప్రదర్శనకు రప్పించాయి, సందేహం లేదు. కానీ సినిమాలు సురభి తెరలను మించిన మాయలు చూపించాయి, తరువాత వచ్చినవి వాటినీ మించాయి. మాయ మీదే ఆధారపడి ఉంటే ఈ కథ ఎప్పుడో పాతబడేది. బలవంతుడి ఇంట్లో, అతని కాపలాలో, కాదు అనే మాటను రోజూ కొత్తగా చెప్పుకుంటూ గడువు పెంచుకునే స్త్రీ పరిస్థితి మాత్రం పాతబడలేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న ఆడవాళ్ళలో చాలామందికి అది కట్టుకథగా అనిపించి ఉండదు. మాంత్రికుడు ఎంత పెద్దగా నవ్వినా, నాటకం ముందుకు నడవాలంటే ఆమె ఒప్పుకోకుండా ఉండాలి. ఆమె ఒక్కసారి సరే అంటే కథ అక్కడే ఆగిపోతుంది.

అందుకే బాలనాగమ్మను ఈసారి చదివినా, విన్నా, చూసినా మాంత్రికుడి మీద నుంచి చూపు కాస్త పక్కకు తిప్పండి. ఆ సన్నివేశంలో ఆమె ఏమి చేస్తున్నదో గమనించండి. ప్రదర్శన ఆమె పనిని నిలుపుకుందా, వదిలేసిందా అన్నది మీరే తేల్చండి.

ఆలోచించి రాయండి

1. మీ ఊళ్ళో పెద్దవాళ్ళ చేత బాలనాగమ్మ కథ చెప్పించుకోండి. చిలుక రహస్యాన్ని ఎవరు, ఎలా తెలుసుకున్నారని వారు చెప్పారో రాయండి.

2. బుర్రకథ, నాటకం, సినిమా – ఈ మూడింటిలో నిరీక్షణను చూపడానికి ఏది అనువైనది? మీ అభిప్రాయానికి కారణాలు చెప్పండి.