గోడనుండి చట్రమునకు

గోడలమీద బొమ్మలు వ్రాయువాడు చిత్రశాలలో అడుగిడినచో, కళ నమ్ముకొనెనని కొందరును, ఇప్పటికి గదా కళాకారుడయ్యెనని మఱికొందరును అందురు. ఈ రెండు మాటలును మాకు సమ్మతములు గావు. దుకాణపు గోడమీద బోర్డు వ్రాసిననాడు మాత్రము అతడు కూలి పుచ్చుకొనలేదా?

నల్లగొండ సీమలోని కదిరేనిగూడెమున చేనేతవారి యింట బుట్టిన ఏలె లక్ష్మణ్ గారు తొలుత బోర్డులును బ్యానర్లును వ్రాసి జీవనము చేసికొనినవారు. పిమ్మట హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, పుస్తకములకు ముఖచిత్రములు గీసి, తుదకు ప్రదర్శనశాలలకెక్కిరి. బోర్డు వ్రాయువాని కొక నియమము గలదు. దారిని బోవువాడు దాటిపోవులోపల అక్షరము వాని కంట బడి తీరవలెను. పాలమూరు జనులనుగూర్చి ఆయన వ్రాసిన చిత్రమాలికలో మాకు ఈ నియమమే కనబడుచున్నది. ఊరు విడిచి దేశమంతట ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసిన వారిని లోకము "పాలమూరు లేబరు" అని యొక్క మాటలో ముగించినది. ఆ మాట వెనుక నున్న మనుష్యులను ఈయన మన యెదుట నిలిపినారు. వారు మన జాలిని కోరరు. మనలను చూచుచుందురు, అంతే.

అయితే ఆ కూలివాని బొమ్మ నేడు ఎవరి గోడమీద నున్నది? మాకు చిక్కుగ దోచినది ఇదియే.

తోట వైకుంఠం గారివి మొదలుగా ఈ సీమ చిత్రకారుల బొమ్మలు, లక్ష్మణ్ గారివియు, సెరిగ్రాఫులను పేర పరిమిత సంఖ్యలో అచ్చగుచున్నవి. చట్రమునకు బిగించిన పలుచని గుడ్డగుండ రంగును కాగితముమీదికి నొత్తుదురు. రంగు రంగునకు వేఱు తెర. (సాలెవారి బిడ్డకు ఇది పరాయి విద్య గాదు.) అచ్చయిన పిదప చిత్రకారుడు అడుగున పెన్సిలుతో సంతకము చేసి, 7/100 అన్నట్లు సంఖ్య వేయును. మూలచిత్రము కొనలేని ఉపాధ్యాయుని యింటికి దీనివలన ఒక మంచి బొమ్మ రావచ్చును, అది మేలే. కాని అచ్చు పుట్టినది అనేకమగుటకు. దానిని నూటితో నాపుట కళాధర్మము గాదు, వర్తకుని యుపాయము. ఇంగ్లండులో గోడలమీద చాటుగా వ్రాసిన బ్యాంక్సీ 2004లో తన "బెలూను బాలిక"ను సంతకముతో 150, సంతకము లేక 600 ప్రతులు వేయించెను. వీధిలో అందఱును ఊరక చూచిన బొమ్మ, ఆ ప్రతులలో నేడు ధనికులకు మాత్రమే అందును. అమెరికాలో కీత్ హేరింగ్ దీనిని ముందే యెఱిగి, సామాన్యులు సయితము కొనగలుగునట్లు 1986లో న్యూయార్కున స్వయముగ అంగడి తెఱచెను. మన రవివర్మ 1894లో ముద్రాశాల నెలకొల్పుటచేతనే గదా ఆయన లక్ష్మీసరస్వతులు మన తాతల యిండ్లలో వెలసిరి!

2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడినపుడు ప్రభుత్వ చిహ్నమును గీసినవారు లక్ష్మణ్ గారే. అది కచేరీ కాగితములమీద లెక్కకు మిక్కిలిగ అచ్చయ్యెను. దాని అడుగున సంఖ్య యేదని ఎవ్వరును వెదుకలేదు, చిత్రకారుని గౌరవమును తగ్గలేదు. కావున సంఖ్య వేసిన ప్రతులతోబాటు, సంఖ్య లేని చౌక ప్రతి నొకదానిని బడులకును గ్రంథాలయములకును వేయింపుడని చిత్రకారులను, ప్రకాశకులను మేము కోరుచున్నాము. అందు మొదటిది పాలమూరున వ్రేలాడవలెను.