పద్యాన్ని మింగని రాగం

డి.వి. సుబ్బారావు గారి ‘సత్య హరిశ్చంద్ర’ కాటిసీను క్యాసెట్టు మోగని తిరణాల అనంతపురం సీమలో ఒకప్పుడు ఉండేదంటే నేను నమ్మను. టీ అంగట్లో అదే, లారీ క్యాబిన్‌లో అదే. పేరుమోసిన రాక్ బృందాల ఆల్బమ్‌లను పడమటి దేశాలవాళ్లు భద్రంగా దాచుకుని, పాటపాటకీ గంటలకొద్దీ చర్చ పెడతారు. మన రంగస్థల పద్యాల రికార్డులకు ఆ మర్యాద ఇంకా దక్కలేదు. వీటిలోని పనితనం దేనికీ తీసిపోదు.

పద్యానికి తాళం ఉండదు. నటుడు ఎత్తుకోగానే తబలా ఆగిపోతుంది, హార్మోనియం ఒక్కటే తోడు. మొదటి మూడు పాదాలూ మాటలా నడవాలి. యతి వచ్చింది కదా అని విరిస్తే భావం చెడుతుంది. అర్థం ఆగిన చోటే గొంతు ఆగాలి, ఊపిరీ అక్కడే తీసుకోవాలి. నాలుగో పాదం చివర రాగం. సుబ్బారావు గారు అక్కడ ఒక్కసారిగా పైకి ఎగబాకరు. చివరి అక్షరం మీద నిలబడి, సన్నగా అందుకుని, మెట్టుమెట్టుగా తారస్థాయికి పోతారు. పైన ఎంతసేపు తిరిగినా కాటికాపరి దుఃఖం ఆ గొంతును వదలదు. ఆయన విడిచిన సంగతిని హార్మోనిస్టు పట్టుకుని సాగదీస్తాడు. ఆ సందులోనే నటుడికి దమ్ము!

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి జాషువా శ్మశాన పద్యాలను తెచ్చుకోవడం ఇంకో ఘనత. వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు నోట, అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి పద్యం! చావు ముందు అందరూ ఒకటేనన్న మాట ఆ గొంతులో వింటే ఎంతటివాడైనా తల దించుకోవాల్సిందే.

కృష్ణుడి దగ్గరకొస్తే మాత్రం జట్లు మొదలవుతాయి. షణ్ముఖి ఆంజనేయరాజు రాగానికి పరవశించేవాళ్లు కొందరు, పీసపాటి నరసింహమూర్తి మాట విరుపుకు ప్రాణమిచ్చేవాళ్లు కొందరు. నాది పీసపాటి జట్టు. తిరుపతి వేంకట కవుల పద్యం ఆయన నోట పాటలా ఉండదు, ఎదుట కూర్చున్న దుర్యోధనుడికి చెబుతున్నట్టే ఉంటుంది.

ఇది ఈ నేలకు అరువొచ్చిన కళ కాదు. తెలుగు నాటకంలో పాటలకూ పద్యాలకూ పెద్దపీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలోనే పుట్టారు. ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ మాత్రం పాటకంటే నటనకే ఓటేశారు. తర్వాత గ్రామఫోను ప్లేట్లు వచ్చాయి. ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటివాళ్లు ఆ కాస్త వ్యవధిలోనే పద్యాన్నీ రాగాన్నీ ఇమిడ్చారు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని సీమ ఇది. అయినా వేరుశనగ రైతులు హార్మోనియం మాస్టారిని ఊరికి పిలిపించుకుని, నెలల తరబడి పద్యాలు నేర్చుకుని, సొంత డబ్బుతో వేషం కట్టి ‘కురుక్షేత్రం’ తెల్లవార్లూ ఆడేవారు.

ఇప్పుడు తిరణాల వస్తే రికార్డింగ్ డాన్సు! ఎక్కడైనా నాటకం పెట్టినా హార్మోనియం చోట కీబోర్డు, మైకు నిండా ఎకో. మూడు పాదాలు నమిలి మింగేసి, నాలుగో పాదం దగ్గర నరాలు తెగేలా అరుపు. రాగం పేరుతో జరిగే ఊపిరి పందెం అది. ఫోన్లలో తిరిగే ముక్కలు ఇంకా ఘోరం. పద్యం కోసేసి రాగం మాత్రమే ఉంచుతారు. ఏ పద్యానికి ఆ రాగమో వినేవాడికి తెలిసే దారి ఏది? దీనికి చప్పట్లు కొట్టేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు.

మన పల్లెల్లో పాత హార్మోనియం మాస్టార్లు ఇంకా ఉన్నారు. తిరణాల కమిటీ పెద్దలకు నాదొక్కటే మనవి. డాన్సుకు పోసే డబ్బులో కొంత తీసి, మంచి మైకు పెట్టి, వాళ్ల చేత పద్యాలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా రికార్డు చేయించండి. అటక మీద పాత నాటకాల క్యాసెట్లున్నవాళ్లు టేపు అతుక్కుపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించండి.