పారిభాషిక పదం – భావన: ఇంటర్మీడియట్ జీవశాస్త్ర బోధనలో సందేహనివృత్తిపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఇంటర్మీడియట్ జీవశాస్త్రంలో కఠినభావనలు ఎదురైనప్పుడు విద్యార్థికి అందే సహాయం చాలాసార్లు నిర్వచనాన్ని పునశ్చరణ చేయడంతో ముగుస్తుంది. నిష్కాంతి చర్య, బహిర్గత–అంతర్గత లక్షణాలు, నీటి శక్మం అనే మూడు ఉదాహరణల ఆధారంగా, పారిభాషిక పదం అవగాహనకు ఎక్కడ తోడ్పడుతుందో, ఎక్కడ అడ్డుపడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జీవశాస్త్ర బోధన, పారిభాషిక పదాలు, సందేహనివృత్తి, ఇంటర్మీడియట్ విద్య.

1. ఉపోద్ఘాతం:
ఉన్నతవిద్యకు అవసరమైన పాఠ్యగ్రంథాలను తెలుగులో సమకూర్చే లక్ష్యంతో 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. జీవశాస్త్రాన్ని తెలుగులో బోధించడానికి కావలసిన పదసంపద చాలావరకు ఆ కృషి ద్వారా స్థిరపడింది. అయితే పదాన్ని నిర్మించడం ఒక దశ, ఆ పదం ద్వారా భావనను విద్యార్థికి చేర్చడం తరువాతి దశ. మొదటిదానికి పదకోశాలు ఆధారంగా ఉన్నాయి. రెండవది నేటికీ అధ్యాపకుని వ్యక్తిగత నైపుణ్యానికే మిగిలిపోయింది.

బైపీసీ విద్యార్థి “అర్థం కాలేదు” అన్నప్పుడు సాధారణంగా జరిగేది ఏమిటంటే, అదే నిర్వచనాన్ని మరింత నెమ్మదిగా చెప్పడం, లేదా గైడులోని సమాధానాన్ని రాయించడం. నీట్ పరీక్షలోని 720 మార్కులలో 360 జీవశాస్త్రానివే. సరైన సమాధానానికి 4 మార్కులు లభిస్తే, తప్పు సమాధానానికి 1 మార్కు పోతుంది. ఈ ఒత్తిడిలో అర్థం చేసుకోవడం కన్నా గుర్తుపెట్టుకోవడమే క్షేమమని విద్యార్థి భావించడం సహజం. కానీ భావన అందనిచోట జ్ఞాపకం కూడా ఎక్కువకాలం నిలవదు. ప్రశ్నను కొద్దిగా మార్చి అడిగితే ఆ లోపం బయటపడుతుంది.

2. పదమే పొరపాటుకు మూలమైనప్పుడు:
కిరణజన్య సంయోగక్రియలోని రెండవ దశకు ‘నిష్కాంతి చర్య’ అనే పేరు స్థిరపడింది. ‘నిష్’ అనే ఉపసర్గకు ‘లేని’ అని అర్థం. కనుక ఇది వెలుతురు లేనప్పుడు, అంటే రాత్రిపూట జరిగే చర్య అని విద్యార్థి గ్రహిస్తాడు. వ్యాకరణరీత్యా ఆ గ్రహింపులో దోషం లేదు. దోషం పదంలోనే ఉంది. హరితరేణువులోని అవర్ణికలో జరిగే ఈ దశకు కాంతి చర్యలో తయారైన ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అవసరం. వెలుతురు ఆగిపోతే వాటి సరఫరా ఆగుతుంది, కొద్దిసేపటికే కార్బన్ స్థాపన కూడా నిలిచిపోతుంది. కాబట్టి సాధారణంగా ఇది పగటిపూట సాగే చర్యే.

నాగజెముడు వంటి ఎడారిమొక్కల పాఠం వచ్చేసరికి ఈ గందరగోళం రెట్టింపవుతుంది. అవి రాత్రివేళ పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును గ్రహిస్తాయి, దానిని ఆమ్లరూపంలో నిల్వచేసుకొని పగలు కాల్విన్ వలయంలో వినియోగిస్తాయి. పేరును నమ్మిన విద్యార్థి ఈ రాత్రి గ్రహణమే నిష్కాంతి చర్య అని నిశ్చయించుకుంటాడు. ఇంగ్లీషులోని ‘డార్క్ రియాక్షన్’ కూడా ఇదే పొరపాటుకు దారితీస్తుంది. అందువల్ల మాధ్యమం మార్చినంతమాత్రాన ఈ సమస్య తీరదు. ‘కార్బన్ స్థాపన దశ’ అని జరిగే పనిని బట్టి పిలిచి, పాత పేరు పరీక్షలో ఎందుకు కనిపిస్తుందో వివరించడమే ఇక్కడ విద్యార్థికి చేయదగిన సహాయం.

3. పదమే తోడ్పడినప్పుడు:
జన్యుశాస్త్రంలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఇంగ్లీషులోని ‘డామినెంట్’ అనే మాట పెత్తనాన్ని సూచిస్తుంది. దానివల్ల బలమైన లక్షణమనీ, జనాభాలో ఎక్కువమందికి ఉండే లక్షణమనీ అపోహ ఏర్పడుతుంది. ఆరువేళ్ళతో పుట్టడం చాలా సందర్భాలలో డామినెంట్ లక్షణమే, అయినా అరుదు. ‘ఓ’ రక్తవర్గం రిసెసివ్ లక్షణం, అయినా అనేక జనసమూహాలలో విస్తారంగా కనిపిస్తుంది.

తెలుగులోని ‘బహిర్గత’, ‘అంతర్గత’ అనే పదాలు బలాబలాల ప్రస్తావన లేకుండా, ఒకటి బయటికి వ్యక్తమవుతోందనీ, మరొకటి లోపల ఉండిపోయిందనీ మాత్రమే చెబుతాయి. మెండెల్ బఠానీ ప్రయోగంలో మొదటి తరం మొక్కలన్నీ పొడవైనవే. రెండవ తరంలో లెక్కించిన 1064 మొక్కలలో 787 పొడవైనవి, 277 పొట్టివి. మొదటి తరంలో పొట్టి లక్షణం నశించలేదనీ, లోపల ఉండిపోయిందనీ ఈ 277 మొక్కలు నిరూపిస్తున్నాయి. ఆ విషయం ‘అంతర్గత’ అనే పేరులోనే ఉంది. అయితే ఈ పదానికీ ఒక పరిమితి ఉంది. రెండు యుగ్మవికల్పాలూ అంతర్గతమైనవే అయినప్పుడు ఆ లక్షణం బయటికే కనిపిస్తుంది. ఈ సూక్ష్మాన్ని అధ్యాపకుడు విడిగా చెప్పవలసి ఉంటుంది.

రెండు రాష్ట్రాల పాఠశాలల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు మాధ్యమానికి మారిన విద్యార్థి తనకు తోడ్పడే తెలుగు పదాన్ని వెనుకనే వదిలి వస్తున్నాడు. తరగతిలో దానిని ఒక్కసారి గుర్తుచేసినా ప్రయోజనం ఉంటుంది.

4. పదం మూగబోయినప్పుడు:
‘నీటి శక్మం’ అనే పదం తప్పుదారి పట్టించదు, దారీ చూపదు. ‘శక్మం’ నిత్యవ్యవహారంలో లేని మాట. పైగా ఇక్కడ అసలు చిక్కు సంఖ్యలలో ఉంది. వాతావరణ పీడనం వద్ద శుద్ధజలం విలువ సున్నా. ద్రావితం కలిసినకొద్దీ అది రుణాత్మకమవుతుంది. –0.3, –0.8 మెగాపాస్కల్ విలువలున్న రెండు కణాలు పక్కపక్కన ఉంటే నీరు మొదటిదాని నుండి రెండవదానికి చేరుతుంది. 0.8 పెద్దదిగా కనిపించడంవల్ల విద్యార్థి దీనిని తలకిందులుగా చెబుతాడు. రుణసంఖ్యల క్రమం దగ్గర ఆగిపోయిన విద్యార్థికి ద్రవాభిసరణ నిర్వచనాన్ని పదిసార్లు చెప్పినా ఫలితం ఉండదు.

మాగాయ కోసం ఉప్పు, పసుపు కలిపి ఉంచిన మామిడిముక్కలు ఊట విడవడం తెలుగు ఇళ్ళలో పరిచితమైన దృశ్యం. ముక్కలోని కణాలకన్నా బయటి ఉప్పుద్రావణంలో నీటి శక్మం తక్కువ, అందుకే నీరు బయటికి వస్తుంది. ఈ దృశ్యాన్ని ముందు చూపి, ఆ తరువాత సంఖ్యలను పరిచయం చేస్తే పదం పలుకుతుంది. ఉప్పు నీటిని ‘లాగుతుంది’ అనే వాడుకమాట దగ్గర ఆగిపోకుండా జాగ్రత్తపడాలి.

5. ముగింపు:
పై మూడు సందర్భాలలోనూ విద్యార్థి నోట వెలువడేది “అర్థం కాలేదు” అనే ఒకే వాక్యం. కారణాలు మాత్రం మూడు: పదం తప్పుగా సూచించడం, సరైన పదం చేజారడం, పదం వెనుక మరొక విషయం అడ్డుపడటం. వీటిని గుర్తించకుండా ఇచ్చే సమాధానం ఎంత శాస్త్రీయమైనదైనా ఆ విద్యార్థి సందేహానికి చెందదు. సమాధానానికి ముందు “ఈ మాటవల్ల నీకు ఏమి తోచింది?” అని అధ్యాపకుడు అడగగలిగితే కారణం విద్యార్థి జవాబులోనే దొరుకుతుంది. అటువంటి జవాబులను తరగతులవారీగా సేకరించి పారిభాషిక పదకోశాల పరిష్కరణకు ఉపయోగించడం జీవశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి చేపట్టదగిన పరిశోధన.