రోజుకి రెండు తప్పులు

'పేపర్స్, ప్లీజ్' ఆడమని ఎవరికైనా చెప్పాలంటే ఇబ్బందే. ఏముంటుంది అందులో అంటే, బూత్‌లో కూర్చుని పాస్‌పోర్టులు చూడటం ఉంటుంది. ఫోటో కలిసిందా, తేదీ దాటిందా, ఊరి పేరు నిజమేనా చూసి పచ్చ ముద్రో ఎర్ర ముద్రో కొట్టడం. అంతే. పొద్దంతా ఆఫీసులో ఇలాంటి పనే చేసి, రాత్రి మళ్లీ డబ్బులిచ్చి మరీ ఇదే చెయ్యడమేంటని నేనూ అనుకున్నాను.

లూకస్ పోప్ 2013లో విడుదల చేసిన ఆట ఇది. కథాకాలం 1982. ఆర్స్‌టోట్స్కా అనే కల్పిత కమ్యూనిస్టు దేశంలో, ఆరేళ్ల యుద్ధం తర్వాత గ్రెస్టిన్ సరిహద్దు తెరుస్తారు. లాటరీలో మనకి ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం తగులుతుంది. సరిగ్గా చూసి పంపిన ఒక్కో మనిషికీ 5 క్రెడిట్లు. ఇంటద్దె, తిండి, చలికి హీటరు, అన్నీ అందులోంచే. ఇంట్లో మన మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు.

రోజురోజుకీ రూల్స్ పెరుగుతాయి, కాగితాలు పెరుగుతాయి, డెస్కు మాత్రం పెరగదు. ఒకదాని మీద ఒకటి పడి కనపడవు. మనిషి మొహం ఎడమవైపు చిన్న కిటికీలో ఉంటుంది. చూపంతా కుడివైపు కాగితాల మీదే. ఆట ఏమీ ఉపన్యసించదు, మన కళ్లు ఎటుండాలో ఏర్పాటు చేస్తుంది.

ఐదో రోజు ఒకతను వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. నా వెనకే నా భార్య ఉంది, కాస్త దయ చూపండి అని లోపలికెళ్తాడు. ఆమెకి ఎంట్రీ పర్మిట్ లేదు. వెనక్కి పంపితే చంపేస్తారంటుంది.

ఇక్కడో చిన్న రూలుంది. రోజులో మొదటి రెండు తప్పులకి హెచ్చరిక చీటీ మాత్రమే వస్తుంది. మూడో దాన్నుంచి జీతంలో కోత. ఆటగాడు చిన్న పొరపాట్లకే దెబ్బతినకుండా పెట్టినట్టు కనపడే వెసులుబాటు. మా భాషలో ఎర్రర్ టాలరెన్స్. కానీ నాలుగు రోజులు ఆడేసరికి అది వేరేదిగా మారిపోతుంది. ఇవాళ ఇంకా రెండున్నాయి, ఎవరికి వాడాలి? దయకి కోటా వచ్చేస్తుంది. మొదటిసారి ఆడినప్పుడు నా రెండూ అజాగ్రత్తలో ముందే పోయాయి. ఆమెకి ఎర్ర ముద్ర కొట్టాను. వాటిలో ఒకటి మిగిలుంటే పచ్చది కొట్టి, నేను మంచోణ్నే అనుకుని నిద్రపోయేవాణ్ని.

నియంతృత్వం మీద విమర్శ అని ఈ ఆటని మెచ్చుకుంటారు. అవునుగానీ, నాకు ఆర్స్‌టోట్స్కా క్రూరత్వం కంటే అది ఇచ్చే ఈ రెండు చీటీలే ఎక్కువ భయం. రహస్య సంస్థ కుట్రలూ ఇరవై రకాల ముగింపులూ ఉన్నాయి కానీ, నాకవి సరదాగా మాత్రమే అనిపించాయి. డెస్కు దగ్గరున్న బరువు వాటికి లేదు.

నేను పనిచేసేది అప్పుల దరఖాస్తులు వడపోసే సాఫ్ట్‌వేర్ మీద. రూల్‌కి కుదరని కేసుని బ్రాంచి మేనేజర్ తన పూచీ మీద పాస్ చెయ్యడాన్ని డీవియేషన్ అంటారు. బ్రాంచికి నెలకి మూడే అని కోడ్ రాసింది నేనే. ఆ మూడు ఎక్కణ్నుంచి వచ్చిందో గుర్తులేదు, ఏదో మీటింగులో ఎవరో అన్నారు. ఒకసారి ఓ బ్రాంచి నుంచి టికెట్ వచ్చింది. ఇరవయ్యో తారీఖుకే మూడూ అయిపోయాయి, ఇంకొక్కటి కావాలి, కూతురి కాలేజీ ఫీజు కేసు అని. 'వర్కింగ్ యాజ్ డిజైన్డ్' అని రాసి మూసేశాను. అబద్ధమూ కాదు.

ఈ ఆట నన్ను మార్చిందని చెప్పలేను. ఆ మూడు ఇప్పటికీ మూడే. రెండోసారి ఆడినప్పుడు మాత్రం ఐదో రోజు చాలా జాగ్రత్తగా ఉన్నాను, రెండు తప్పులూ ఆమె కోసం దాచాను. ఆమె కంటే ముందు, తేదీ దాటిన కాగితంతో వచ్చిన ఒకతను ఏదో చెప్పబోయాడు. పూర్తిగా వినకుండానే ఎర్ర ముద్ర కొట్టి పంపేశాను. అతని మొహం గుర్తులేదు.