కొండలకు వేసిన కుట్టు

కడప జిల్లాలో బద్వేలు దాటి గిద్దలూరు దారి పట్టుకుంటే పోరుమామిళ్ల వస్తుంది. బస్టాండు, అంగళ్లు, మండలాఫీసు. రాయలసీమలో ఇట్లాంటి ఊళ్లు ఎన్నో. ఈ ఊరికి మాత్రం ఆరున్నర శతాబ్దాల నాటి చెరువుంది. అంతకన్నా అరుదైన సంగతి ఇంకొకటి. చెరువంటే ఎట్లా ఉండాలో, ఎట్లా ఉండకూడదో కట్టించినవాళ్లే రాతి మీద చెక్కించి పెట్టిపోయారు.

పాడుబడిన భైరవస్వామి గుడి ముందర రెండు బండల మీద ఉన్న ఆ శాసనం సంస్కృత శ్లోకాల్లో నడుస్తుంది. శక సంవత్సరం 1291, సౌమ్య; అంటే 1369. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడనే మరో పేరున్నవాడు, ఉదయగిరి దుర్గం నుంచి ఈ సీమను ఏలుతూ ఈ చెరువు కట్టించి అనంతరాజసాగరమని పేరు పెట్టాడు. శ్లోకాలు చెప్పింది లింగయ మాచనార్యుడు. రాజశాసనం గనక పొగడ్తకు కొదవ లేదు. దాన్ని ఓపికగా దాటామా, మట్టీ రాయీ తెలిసిన మనిషి గొంతు వినపడుతుంది.

మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలంటాడు. మొదటిది ధర్మం తప్పని, డబ్బున్న, కీర్తి కోరే రాజు. రెండోది పాథశ్శాస్త్రం, అంటే నీళ్ల శాస్త్రం, చదివిన పండితుడు. ఈ రెండూ ఎవరైనా చెప్పేవే. గట్టి జిగట మట్టి ఉన్న నేల కావాలని మూడోది. అక్కడి నుంచి మాట మారుతుంది. మూడు యోజనాల దూరం నుంచి తీపి నీళ్లు మోసుకొచ్చే ఏరుండాలి. చెరువును ఆనుకొని కొండ ఉండాలి. ఆ కొండ పాయల నడుమ రాతి గోడతో దిట్టంగా కట్ట వేయాలి. ఆ కట్ట మరీ పొడుగ్గా ఉండకూడదు.

ఈ చివరి ముక్క దగ్గర నేను ఆగిపోయాను. రాజు చేతిలో డబ్బుంది, కీర్తి మీద ఆశ ఉంది. అట్లాంటివాడికి ‘పెద్దది కట్టు’ అని చెప్పడం తేలిక. ‘పొట్టిది కట్టు’ అనాలంటే పని మీద నమ్మకం ఉండాలి. కట్ట ఎంత పొడుగైతే గండి పడే చోట్లు అన్ని పెరుగుతాయి, ఏటేటా మట్టి వేసి, రాయి సర్ది కాచుకోవాల్సిన బారు అంత పెరుగుతుంది.

పోరుమామిళ్లలో ఆ మాట మాటగానే ఉండిపోలేదు. కొండలతో కలుపుకుంటే చెరువు గట్టు దాదాపు 14,000 అడుగుల బారు. అందులో మనుషులు వేసింది సుమారు 4,500 అడుగులే. మూడింట ఒక వంతు కూడా లేదు. మిగతాదంతా కొండే. వరసగా నిలబడ్డ గుట్టల మధ్య సందులున్న చోట మాత్రం, గుడ్డ చిరిగిన చోట కుట్టు వేసినట్టు, కట్ట వేసి ఊరుకున్నారు. వేసిన చోట మాత్రం పిసినారితనం లేదు. లోతైన చోట కట్ట ఎత్తు 33 అడుగులు, పైన వెడల్పు 12 అడుగులు, అడుగున 150 అడుగులు. నీళ్లు తగిలే వైపు కడప బండలు పరిచారు. మనం ఇంటి అరుగు మీద, వంటింటి గట్టు మీద వేసుకునే బండే అది. గాలికి అల రేగి కొట్టే దెబ్బ రాయి కాస్తుంది, నీళ్లు జారిపోకుండా వెనక మట్టి కాస్తుంది. తొమ్మిదో అంగంగా, సూటిగా పొడుగ్గా రాళ్లు వచ్చే గని దగ్గర్లో ఉండాలని రాయించినవాడికి ఆ గని ఎక్కడుందో ముందే తెలిసి ఉంటుందని నా అనుమానం.

ఏడో అంగం కొంచెం చిక్కు. కట్ట రెండు కొమ్ములూ బయటున్న పంట నేలకు పెడమొహంగా ఉండాలట. నాకు తోచిన అర్థం ఇది: చివరల్లో నీళ్లు పొంగినా, కోసుకున్నా పైరు మీద పడకూడదని.

దోషాలు ఆరు. అంగాలకన్నా ఇవే నాకు ఇష్టం, ఎందుకంటే చెడిపోయిన చెరువుల్ని చూసినవాడే ఇవి చెప్పగలడు. మొదటిది కట్ట ఊట కారడం. రెండోది చవుడు నేల. నాలుగోదానికి ఆయన వాడిన మాట కూర్మం: చెరువు నడుమ తాబేలు వీపులా లేచిన మిట్ట. నీళ్లుండాల్సిన చోటు ఆ మిట్ట తినేస్తుంది. దాని మీద పలచగా నిలిచిన నీళ్లను ఎండ తాగేస్తుంది. నిండినప్పుడు చెరువు ఎంతో పెద్దగా కనపడుతుంది, మాఘానికల్లా తాబేలు బయటపడుతుంది. ఐదోది కొద్ది నీళ్లకు ఎక్కువ ఆయకట్టు, ఆరోది కొద్ది నేలకు ఎక్కువ నీళ్లు. తక్కువ నీళ్లు దోషమని అందరికీ తెలుసు. ఎక్కువ నీళ్లూ దోషమేనని, అదీ కరువు సీమలో కూర్చుని చెప్పడంలో ఉంది పనితనం.

మూడోది దాటేశానని మీరు గమనించే ఉంటారు. రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు కట్టడం. మట్టీ రాయీ లెక్కల మధ్య ఈ రాజకీయం ఏమిటని 1369లో ఎవరైనా అడిగారేమో. శ్రీశైలం, నాగార్జునసాగర్ రెండింటినీ రెండు రాష్ట్రాల గట్టు మీద పెట్టుకున్న మనం అడగలేం.

ఈ శాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పద్నాలుగో సంపుటంలో అచ్చు వేయించింది వి.ఎస్. సుక్తంకర్. తర్వాత పూనాలో మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడైన ఆయనే. చెరువు శాసనానికి అంతకన్నా జాగ్రత్త కలిగిన కన్ను దొరకడం కష్టం.

పన్నెండో అంగం పని తెలిసిన మనుషుల గుంపు. రాజుతో మొదలైన జాబితా కూలీతో ముగిసింది. లెక్క కూడా ఇచ్చారు. కట్ట పొడవు 5,000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7. రోజుకు వెయ్యి మంది, రాళ్లకు 100 బండ్లు, రెండేళ్లు. ఖర్చయిన డబ్బూ ధాన్యమూ మాత్రం ఇంతని లేదట! రేఖాదండాల దాకా కొలిచినవాళ్లు రొక్కం దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేయడం చూస్తే నవ్వొస్తుంది. వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు.

నన్ను వదలనిది ఆ నూరు బండ్లు. బండికి రెండేసి అనుకున్నా 200 ఎద్దులు. గనికీ కట్టకీ నడుమ బండలు లాగి లాగి సాయంత్రానికి వాటికి ఎంత దప్పికై ఉంటుందో. అన్నింటినీ ఎక్కడికి తోలుకెళ్లి నీళ్లు తాపారో ఏమో. చెరువింకా లేదు గదా.