బళ్ళారి సీమ గోరింట: కేశరంజన విద్య

గోరింటాకు నలుపు నీయదు. తెల్లవెండ్రుకపై దాని వర్ణము రాగిఛాయ. నల్లవెండ్రుకపై ఎండలో మాత్రమే కానవచ్చు నొక ఎఱ్ఱని మెఱపు. ఈ యొక్క సంగతి తెలిసిన యిల్లాలు ‘సహజమైన నల్ల మెహందీ’ యని పైన అచ్చువేసి యమ్ము పొట్లమును చేత ముట్టదు. తెలుగును కన్నడమును ఒకే అరుగుమీద వినవచ్చు బళ్ళారి సీమలో ఈ వివేకము పుస్తకములవలన గాక, నూఱిన చేతినుండి నూఱనేర్చిన చేతికి సంక్రమించుచు వచ్చినది. అంతటి సూక్ష్మమైన విద్య మన కన్నులయెదుటనే పొట్లముల పాలగుచుండుటచేత దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పక యుండజాలకున్నాను.

పూర్వచరిత్ర విస్తరింపనక్కఱలేదు. ఈజిప్టు చక్రవర్తి రెండవ రామెసెస్ ముదిమిలో తలకు గోరింట పెట్టించుకొనెనని ఆయన శవమును పరీక్షించినవారు చెప్పుదురు. మన వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దమున బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమును నెఱసిన వెండ్రుకల ప్రసక్తితోనే యారంభించి, ఆరికలను ఇనుప పాత్రయందు పులినీటితో నుడికించి, ఇనుపపొడి చేర్చి మెత్తగా నూఱి తలకు పట్టించి, పచ్చియాకులతో తల చుట్టి, రెండు జాములైన పిమ్మట దానిని తీసివైచి ఉసిరికపూత వేయవలెనని విధించెను. అందు గోరింట లేదు. కాని యినుము, పులుపు, ఉసిరిక, ఆకులకట్టు, జాములకొలది నిరీక్షణము—ఇవి యన్నియు నేటికిని మన పెద్దముత్తైదువల పెరటిలో నున్నవి. సండూరు కొండల యినుపరాతిని దూరదేశముల కొలుములకు పంపిన జిల్లాలో ఇనుప మూకుడునకు కొదవ యేమి?

ఇక పనితనము. దాని మొదటిమెట్టు ఆకు కోయుట. ముదిరి పండబాఱిన యాకు పీచుపాలు. ఎండలు కాచి, నేల యెండి, చెట్టు నీటికై వాచియున్న కాలపు టాకే రంగునకు శ్రేష్ఠమని మన పెద్దలందురు. ఎండ మండిపోవు మెట్టభూములే గోరింటకు పుట్టినిల్లగుటచేత ఈ మాట నమ్మదగినదే. కోసిన యాకును ఈనెలు, ముండ్లు ఏఱి, నీడలో గుడ్డపై పలుచగా పఱచి యారబెట్టవలెను. ఎండలో నారిన యాకు పచ్చదనము కోల్పోవుటయే గాక రంగునుగూడ కోల్పోవును. పిమ్మట రోట దంచి, పలుచని నూలుగుడ్డతో వస్త్రగాళితము పట్టవలెను. ఈ యొక్క పనిలో సోమరితనము చూపినవారు తల కడుగుకొను గడియలో దాని ఫల మనుభవింతురు. వెండ్రుకల నడుమ చిక్కిన పిప్పి యెన్ని బిందెల నీటికిని వదలదు.

ఆ మెత్తని పొడిని ఇనుప మూకుడులో వేసి, ముందుగా కాచి గోరువెచ్చగా చల్లార్చిన తేయాకు కషాయమును, ఉసిరికపొడి నానిన నీటిని కొంచెము కొంచెముగా పోయుచు, గట్టి పెరుగువలె నగువఱకు కలుపవలెను. మరిగిన నీరు పోయరాదు. నిమ్మరసము కొన్ని చుక్కలు చాలును. పులుపు మితముగా నున్నచో రంగు మెల్లగా వెలువడి చిరకాలము నిలుచును, మితిమీఱినచో వెండ్రుక బిరుసెక్కును. తేయాకునందును ఉసిరికయందును గల వగరు ఇనుముతో కలిసి నల్లబాఱును. పూర్వము వ్రాయసకాండ్రు కరక్కాయతోను అన్నభేదితోను సిరా చేసిన మర్మము నిదియే. అందువలననే మూకుడులో నానిన గోరింట, గాజుగిన్నెలో నానిన దానికంటె ముదురుఛాయ నిచ్చును. వెండ్రుక యెండిన స్వభావము గలవారు గుప్పెడు మెంతులు రాత్రి నానవేసి నూఱి, లేదా మందారాకు జిగురు తీసి ఈ ముద్దలో కలుపుదురు; దానివలన జుట్టు పట్టువలె జాఱును. కాఫీపొడి, కోడిగ్రుడ్డు మున్నగు నేటి వింతచేర్పులపై నాకు గౌరవము లేదు.

ఎంతసేపు నానవలె నన్నది ఋతువు చెప్పును. బళ్ళారి వైశాఖమాసపు మధ్యాహ్నమున మూడు నాలుగు గంటలు చాలును. పుష్యమాసమున రాత్రి యంతయు కావలెను. కౌల్‌బజారులో నే నెఱిగిన యొక వృద్ధమాత గడియారమువంక చూచి యెఱుగదు. మూకుడుపై మూత తీసి, పైపొర గోధుమవర్ణము దాల్చి లోపల నింకను పచ్చగా నున్నదో లేదో చూచి, ఒక బొట్టు అరచేత నుంచుకొని, అది నారింజరంగు పట్టిన తీరును బట్టి “ఇంకొక గడియ” యనునది. ఆ గడియ యెన్నడును తప్పలేదు. వాసన చూచి ఆకు ఎండలో నారినదో నీడలో నారినదో చెప్పగల ముక్కు ఆమెది. ఆమె భర్త తెల్లగడ్డము వెలవెలబోయినట్లు కాక, మాడినట్లును కాక, సరిగా దానిమ్మతొక్క రంగున వెలుగుచుండుట చూచి ఆ వీథిలోని పెద్దలు ఆమెచేతి ముద్దకై పండుగలకు వరుస కట్టుచుండిరి. బ్రూస్‌పేటలో మఱియొక అవ్వ, తల నిండ తెల్లబాఱిన చెల్లెలిని ముందు కూర్చుండబెట్టుకొని, పాయ పాయగా తీసి కుదుళ్ళనుండి కొసలవఱకు వ్రేళ్ళతోనే పట్టించి లేచునప్పటికి నుదుట గాని చెవితమ్మెపై గాని ఒక చుక్కయైన అంటియుండదు. అంచుల ముందుగా ఆముదము రాయుట యందఱు నెఱిగినదే. కాని ఆ చేతికి ఆముద మెందుకని నా కనిపించెడిది.

జుట్టు ముందునాడే సీకాయతోనో కుంకుడుకాయతోనో రుద్ది, నూనెజిడ్డు లేకుండ ఆరియుండవలెను. పట్టించిన పిదప తల నారనీయరాదు. ఎండిన ముద్ద రంగు నీయదు. మన వడగాడ్పులో ఇది సులభము కాదు కనుక ఆముదపాకో అరటియాకో కప్పి పాతగుడ్డ చుట్టి రెండు మూడు గంటలు నీడపట్టున కూర్చుండవలెను. కడుగునప్పుడు వట్టినీటితోనే కడుగవలెను, సబ్బు తగులరాదు. బోరుబావి చవుటినీటికంటె తుంగభద్రనీరు మేలని నా పక్షపాతము, దానిని దాచను. మొదటినాడు కనబడు కాషాయచ్ఛాయను చూచి బెదరనక్కఱలేదు. గాలి తగిలినకొలది రెండుమూడు దినములలో అది గాఢమై నిలుచును. మఱునాడు కొబ్బరినూనె రాసినచో పూత కుదురుకొనును.

ఇందలి శాస్త్రము చిన్నది. ఆకునందు లాసోన్ అను రంజకద్రవ్యము కలదు. అది వెండ్రుకకు మూలధాతువైన కెరాటిన్‌తో గట్టిగా బంధించుకొనును. వెండ్రుక సహజవర్ణమును అది విరిచి పాఱవేయదు, దానిపై పొరగా నిలుచును. అందుచేతనే పొలుసులు అణగి, వెండ్రుక బలిసినట్లు తోచి మెఱయును. రంగును పోషణమును ఒక్క పూతలో నిచ్చు వస్తువు వేఱొకటి నే నెఱుగను. పసిపిల్లల ఒంటికి మాత్రము దీనిని పూయరాదు. కొందఱి రక్తమునందలి సహజలోపముచేత అది వారికి హాని చేయును.

నలుపే కావలెనన్నవారికి మన సీమలో మార్గము లేకపోలేదు, అది నీలియాకు. 1800లో నిజాము కుంపిణీవారికి వదలిన దత్తమండలములలో నీలిసాగు ప్రసిద్ధము. కడప నీలిమందు ఓడలెక్కి పోయెడిది. గోరింట కడిగిన తలకు, గోరువెచ్చని నీటితో కలిపిన నీలియాకుపొడిని పైపొర నీలవర్ణము తిరుగగానే వెంటనే పట్టించి, గంటసేపుంచి కడిగినచో, మొదట పచ్చబాఱి మఱునాటికి నల్లబడును. ఎఱుపుపై నీలము చేరి నలుపగుట యిది. గోరింటకు పులుపును కాలమును కావలెను. నీలికి పులుపు శత్రువు, ఆలస్యము నాశనము. ఈ రెంటిని ఒకే గిన్నెలో కలిపి రాత్రంతయు నానవేయువారు రెంటిని చెఱచుచున్నారు. రెండంచెల పద్ధతియే పద్ధతి, ఈ విషయమున నేను రాజీపడను.

ఇట్టి విద్య యుండగా అంగళ్ళలో నేమి జరుగుచున్నది? అరగంటలో కాటుకనలుపు నిచ్చెదమను పొట్లములలో గోరింట పేరు మాత్రమే. పని చేయునది పారాఫినైలిన్ డయమీన్ అను రసాయనము. 2006లో అమెరికా చర్మవైద్యుల సంఘ మొకటి దానిని ఆ యేటి ప్రధాన దురదకారక ద్రవ్యముగా ప్రకటించినది. ఒకసారి పడనివారికి పిమ్మట ప్రతిసారియు నుదురు పొక్కి, రెప్పలు వాచి, కన్నులు మూతపడును. ఆ బాధపడిన తల్లులు “గోరింట నాకు పడదు” అని నిర్దోషియైన చెట్టును దూషించుట వినినప్పుడు నాకు కలుగు కోపము చెప్పనలవి కాదు. దొంగసొమ్ము మోసినవా డొకడు, శిక్ష యనుభవించునది గోరింట! పాతబడి రంగుడిగిన యాకుపొడికి ఆకుపచ్చ రంగద్ది క్రొత్తదిగా నమ్ము వ్యాపారమును ఏమనవలెను? రాజస్థానమున సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు లభించినది. లభింపదగినదే, అది మంచి యాకు. కాని సోజత్ పేరు ప్రతి పొట్లముపై నచ్చుపడుచుండగా, మన పెరటికంచెలో నెండకు మాగిన గోరింటను గొడ్డలితో నఱికి సిమెంటుగోడ కట్టుట యేమి వివేకము?

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును బళ్ళారి మైసూరునకును పోయినవి. కాని పిల్ల నిచ్చి పుచ్చుకొనుట ఆగలేదు, కోడలితో వచ్చిన మూకుడు విద్యయు ఆగలేదు. దానిని ఆపుచున్నది మన తొందరయే. కాబట్టి సరిహద్దునకు ఇరువైపుల నున్న మహిళాసంఘములవారిని, కళాశాలల వృక్షశాస్త్రోపాధ్యాయులను నేను వేడుకొనుచున్నాను: ఈ విద్య నెఱిగిన అవ్వల నింకను పిలువగలిగియుండగానే పిలిచి, పిల్లలయెదుట మూకుడు పెట్టించి, వారి చేతులను చూడనిండు. పొట్లము కొనక తప్పనివారు ముందుగా ఒక చెంచా పొడిని తెల్లని పింగాణీగిన్నెలో నీటితో కలిపి చూడుడు. నీరు వెంటనే చిలుకపచ్చగా దిగినచో అందు అద్దకపు రంగున్నది, కొలదినిమిషములలో నల్లబాఱినచో అది గోరింట కాదు. ఆషాఢపు తొలివానకు పెన్సిలు లావు కొమ్మ నొకటి జానెడు కోసి, క్రింది యాకులు దూసి, తడిమట్టిలో సగము పాతి నీడ కల్పింపుడు. వేరుపట్టిన పిదప ఎండలోనికి మార్చినచో కొన్ని యేండ్లకు ఇంటి తలలన్నిటికి చాలినంత యాకు దిగును.