ఒకే సముద్రం మీద రెండు పందేలు

1977 సెప్టెంబరు 26న లండన్ దగ్గరి గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు ఒక డీసీ-10 విమానం లేచింది. టికెట్ 59 పౌండ్లు. ముందుగా బుక్ చేసుకునే పద్ధతి లేదు. ఆ రోజు వరసలో నిలబడాలి, సీటుంటే డబ్బు కట్టి ఎక్కాలి. తిండి కావాలంటే వేరే కొనుక్కోవాలి. ఫ్రెడ్డీ లేకర్ దానికి స్కైట్రైన్ అని పేరు పెట్టాడు. మామూలు జీతగాడు రైలెక్కినంత సులువుగా అట్లాంటిక్ దాటాలన్నది ఆయన పంతం. 2013లో బ్యోర్న్ షోస్ అదే పంతం పట్టాడు. ఆయన లాయరు, ఒకప్పుడు యుద్ధవిమాన పైలట్. తన విమాన సంస్థ నార్వేజియన్‌ను ఓస్లో నుంచి న్యూయార్క్‌కు నడిపాడు. ఆర్డరిచ్చిన బోయింగ్ 787లు వేళకు రాకపోతే అద్దె విమానాలతోనే మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది గాట్విక్ నుంచీ ఎగిరాడు.

లేకర్ సంస్థ 1982 ఫిబ్రవరి 5న మూతపడింది. నార్వేజియన్ 2021 జనవరిలో దూరప్రయాణాలన్నీ మానేసింది.

ఈ రెండు పతనాలకూ జనం నోట చెరొక కథ ఉంది. లేకర్‌ను పెద్ద కంపెనీలు కలిసి తొక్కేశాయంటారు. నార్వేజియన్‌ను ఇంజిన్లు, ఆపైన కరోనా ముంచాయంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ విడివిడిగా చదివినప్పుడు దురదృష్టంలా కనిపించేది, పక్కపక్కన పెట్టి చదివితే లెక్కలా కనిపిస్తుంది. నన్ను పట్టుకున్నది ఆ లెక్కే.

అనుమతుల పోరు ఇద్దరికీ తప్పలేదు. లేకర్ 1971లో దరఖాస్తు పెట్టాడు. లైసెన్సు వచ్చాక బ్రిటిష్ ప్రభుత్వమే అడ్డుపడితే కోర్టుకెక్కి గెలిచాడు. తొలి విమానం ఎగిరేసరికి ఆరేళ్లు. షోస్ కాలానికి యూరప్, అమెరికాల మధ్య ఆకాశం ఒప్పందం ప్రకారం తెరిచే ఉంది. అయినా ఆయన ఐర్లాండ్ అనుబంధ సంస్థకు అమెరికా అనుమతి దక్కింది 2016 డిసెంబరులోనే. సిబ్బంది జీతాల విషయంలో అమెరికా పైలట్ల సంఘాలు లేవనెత్తిన అభ్యంతరం ఊరికే కొట్టిపారేయదగ్గది కాదు. చవక టికెట్ ఎవరి జీతంలోంచి వస్తోందన్నది అడగాల్సిన ప్రశ్నే.

అసలు తేడా ఇద్దరూ చవకను ఎక్కడ వెతికారన్న దాంట్లో ఉంది. షోస్ దగ్గరున్నది యూరప్‌లో పనికొచ్చిన సూత్రం. అమెరికాలో సౌత్‌వెస్ట్, యూరప్‌లో రయనెయిర్ లాంటి సంస్థలు డబ్బు మిగుల్చుకునేది ప్రధానంగా నేల మీద. విమానం దిగిన పాతిక నిమిషాల్లో మళ్లీ లేస్తుంది. ఒక్కో మజిలీలో అరగంట కలిసొస్తే రోజుకు ఆరు ట్రిప్పుల విమానం ఎనిమిది ట్రిప్పులు తిరుగుతుంది. అదే విమానం, అదే సిబ్బంది, ఇంకో మూడొందల టికెట్లు. అట్లాంటిక్ మీద ఆ లాభం ఎక్కడిది? లండన్ నుంచి న్యూయార్క్‌కు దాదాపు ఎనిమిది గంటలు. రోజుకు ఒక రానుపోను, అంతే. నేల మీద అరగంట మిగిల్చినా ఇంకో ట్రిప్పు పుట్టదు. పైగా పాత కంపెనీలు కూడా దూరప్రయాణాల విమానాలను ఊరికే నిలబెట్టుకోవు. ఇంధనం ఖర్చు రెండు రకాల సంస్థలకూ ఒకటే. చిన్నదూరాల్లో రారాజు అయిన సూత్రం సముద్రం మీద చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

ఈ విషయంలో లేకర్ ఆలోచనే నాకు సముద్రానికి తగినదిగా కనిపిస్తుంది. ఆయన సమయంలో కాదు, సీట్లలో పొదుపు వెతికాడు. రిజర్వేషన్ యంత్రాంగం లేదు, ఏజెంటుకు కమీషన్ లేదు. టికెట్ తీసుకుని రానివాడి ఖాళీ సీటూ లేదు. 345 సీట్లూ ఒకే తరగతి. వరసలో ఉన్నవాళ్లతో విమానాన్ని నింపి పంపడమే. 1978 వేసవిలో లండన్ వీధుల్లో జనం టికెట్ల కోసం రాత్రిళ్లు పక్కలేసుకున్నారు. అప్పటిదాకా సముద్రం దాటగలమని అనుకోని మనుషులు వాళ్లు. వ్యాపారంగా ఓడిపోయినా ఆ వరసను నేను గౌరవంగానే తలుచుకుంటాను.

కానీ ఆ వరసను అనుకరించడం ఎంత తేలికో! స్కైట్రైన్ మొదలైన రోజుల్లోనే పెద్ద కంపెనీలు మిగిలిన సీట్లను స్టాండ్‌బై ధరకు అమ్మడం మొదలుపెట్టాయి. 1981లో పాన్ ఆమ్ తన ధరలను లేకర్ స్థాయికి దించింది, మిగతావాళ్లు వెనకే వచ్చారు. నలభై ఏళ్ల తర్వాత నార్వేజియన్‌కు జరిగిందీ ఇదే. 2018కల్లా బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ లాంటివి పెట్టె లేని, సీటు ఎంచుకోలేని బేసిక్ టికెట్లను అట్లాంటిక్ మీదికి తెచ్చాయి.

వాళ్లు ఆ ధర భరించగలగడానికి కారణం విమానం ముక్కు వైపు ఉంది. నార్వేజియన్ తన 787-9లో 344 సీట్లు పెట్టింది. అదే రకం విమానంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 216తో సరిపెట్టింది. పైకి చూస్తే గెలుపు నార్వేజియన్‌దే. కానీ ఆ 216లో ముందున్న యాభై సీట్లు మంచాలుగా మారేవి, కంపెనీల ఖర్చుతో ప్రయాణించేవాళ్లు కొనేవి. ఆ డబ్బుతో ట్రిప్పు ఖర్చులో పెద్ద భాగం తీరుతుంది. వెనక పది సీట్లు నష్టానికి అమ్మినా గడుస్తుంది. నార్వేజియన్‌కు వెనక సీటే బతుకుతెరువు. జులైలో అది నిండుతుంది. ఫిబ్రవరిలో చలికి వణికే న్యూయార్క్ చూడ్డానికి ఎవరొస్తారు? ఆఫీసు పని మీద తిరిగేవాడికి మాత్రం ఫిబ్రవరి, జులై ఒకటే.

అప్పుల దగ్గర ఇద్దరూ మళ్లీ కలుస్తారు. లేకర్ డాలర్లలో అప్పు చేశాడు, రాబడి ఎక్కువగా పౌండ్లలో. 1980 చివర్లో 2.40 డాలర్ల దరిదాపున ఉన్న పౌండు మరుసటి ఆగస్టుకు 1.80 చుట్టుపక్కలకు జారింది. కంపెనీ మూతపడేనాటికి అప్పు 25 కోట్ల పౌండ్లు దాటింది. అంతకుముందే, 1979లో, షికాగోలో జరిగిన విమాన ప్రమాదం తర్వాత డీసీ-10లను నేల మీద నిలబెట్టేశారు. షోస్ 2012లో ఒక్కసారే 222 విమానాలకు ఆర్డరిచ్చాడు. 787ల రోల్స్‌రాయిస్ ఇంజిన్లలో లోపాలు బయటపడ్డాయి. దాంతో 2018 ఆగస్టులో గాట్విక్–న్యూయార్క్ మధ్య ఆయన అద్దెకు తెచ్చి నడిపింది నాలుగు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఏ380ని. పొదుపే ప్రాణమైన సంస్థ అంతటి ఏనుగును మేపాల్సి వచ్చింది. 2019 మార్చిలో 737 మాక్స్‌లు ఆగిపోవడం గోరుచుట్టు మీద రోకటిపోటు.

లేకర్‌ను తొక్కేశారన్న మాటకు ఆధారం లేకపోలేదు. లిక్విడేటర్ వేసిన దావాను పెద్ద కంపెనీలు 1985లో డబ్బు చెల్లించి పరిష్కరించుకున్నాయి. ఆ గొడవ వల్ల బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రైవేటీకరణ 1987 దాకా సాగింది. అందుకే లేకర్ మీద నాకు జాలి ఎక్కువ. షోస్‌ది తనకు తాను తెచ్చుకున్న వేగం. కాస్త ఆగి ఉంటే నిలిచేవాడా అని అడిగితే మాత్రం, ఇంకొన్నాళ్లు నిలిచేవాడని తప్ప నిలదొక్కుకునేవాడని అనలేను.

నా ఈ తీర్పుకు బలం రిచర్డ్ బ్రాన్సన్ కథ. 1984లో గాట్విక్ నుంచే వర్జిన్ అట్లాంటిక్ మొదలుపెట్టినప్పుడు ఆయన సలహా అడిగినవాళ్లలో లేకర్ ఒకడు. చవక టికెట్ పెట్టాడు, కానీ మొదటి రోజు నుంచే ముందు భాగంలో అప్పర్ క్లాస్ కూడా పెట్టాడు. ఆ సంస్థ ఇప్పటికీ ఎగురుతోంది. 2021లో న్యూయార్క్ నుంచి లండన్ వైపు చూసిన జెట్‌బ్లూ కూడా, చిన్న విమానమే అయినా, ముందు పడుకునే సీట్లు వేసుకునే వచ్చింది. అలా చేశాక దాన్ని చవక సంస్థ అనాలా అన్నది వేరే చర్చ. ఐస్‌లాండ్ మీదుగా తక్కువ ధరకు తిప్పిన వావ్ 2019లో, ప్లే 2025లో మూతపడ్డాయి. నార్వేజియన్ మాత్రం యూరప్ లోపల చిన్నదూరాలకు తిరిగొచ్చి బాగానే బతుకుతోంది. అదే పేరు, అదే సూత్రం, మధ్యలో సముద్రం లేదు.

పిల్లల దగ్గరికి డాలస్, న్యూజెర్సీ వెళ్లే మన తల్లిదండ్రులకు ఇలాంటి చవక సంస్థల టికెట్ ధర చూస్తే ఆశ పుడుతుంది. 23 కిలోల పెట్టెలు రెండు, అందులో ఆవకాయ, కారప్పొడులు లేకుండా బయల్దేరని ప్రయాణం మనది. ప్రతి పెట్టెకూ వేరే డబ్బు కలిపాక ఆ ధర ఎంత మిగులుతుందో వాళ్లే లెక్క వేసుకోవాలి.

నార్వేజియన్ వదిలేసిన 787లు ఊరికే పోలేదు. 2021లో పుట్టిన నార్స్ అట్లాంటిక్ వాటిని తక్కువ అద్దెకు తీసుకుని, 2022 జూన్‌లో ఓస్లో–న్యూయార్క్ దారినే మళ్లీ మొదలుపెట్టింది. విమానం ఇంత చవగ్గా దొరికాక కూడా సముద్రం మీద టికెట్లు అమ్మి బతకడం దానికి కష్టమైంది. తన విమానాలు కొన్నింటిని పైలట్లతో సహా ఇతరులకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. తీసుకున్నవాళ్లలో మన ఇండిగో ఉంది. 2025 జులై నుంచి ఆ విమానాలు ముంబై నుంచి మాంచెస్టర్‌కు, ఆమ్‌స్టర్‌డాంకు ఎగిరాయి. వాటి ముందు వరసల్లో ఇండిగో అమ్మింది వెడల్పాటి, ఖరీదైన సీట్లను.